రేకు మీద ముఖం

నా చిన్నప్పుడు, మూడో తరగతి అయిన వేసవిలో, నాకు అమ్మవారు పోసింది. ప్రాణం దక్కింది గానీ ముఖమంతా గుంటలు పడ్డాయి. బడి తెరిచినా నేను వెళ్లలేదు. మాది కొల్లేటి లంక. గుమ్మంలో ఎవరి గొంతు వినబడినా తలుపు చాటుకు పోయేదాన్ని.

ఒకరోజు మా తాతయ్య నన్ను దోనెలో గట్టుకు చేర్చి, బస్సులో ఏలూరు తీసుకెళ్లారు. చేపల బేరానికి కాబోలనుకున్నాను. కాలువ గట్టున ఒక ముసలి ఫోటోగ్రాఫరు దగ్గర ఆగేసరికి తాతయ్య వెనక నక్కాను.

అప్పటికే స్టూడియోల్లో కాగితం ఫోటోలు తీస్తున్నారు. ఆయన మాత్రం నల్లరంగు పూసిన ఇనప రేకు మీద తీసేవారు. నన్ను స్టూలు మీద కూర్చోబెట్టి, పది లెక్కపెట్టేదాకా కదలకూడదన్నారు. ఆ మాటతో నాకో ఉపాయం తట్టింది. ఆయన నాలుగు అనగానే తల అటూ ఇటూ ఊపేశాను.

రేకును మందునీళ్లలో వేస్తే పాలపొరలాంటిది మెల్లగా విడిపోయింది. నా పరికిణీ, చేతులు, స్టూలు తేలాయి. మెడ పైన మాత్రం పొగలాంటి మరక. ఒక్క మచ్చ లేదు. లోలోపల సంబరపడ్డాను.

తాతయ్య ఆ రేకును ఎండకు పట్టి, దగ్గరగా, దూరంగా, చాలాసేపు చూశారు. చివరికి నెమ్మదిగా అడిగారు: "ఏవండీ, ఇందులో మా పిల్ల ఏదండీ?"

నా ఉపాయం తెలిసే అడిగారో, తెలియకో. ఆయన కళ్లు నాకోసం అలా వెతుకుతుంటే చూడలేకపోయాను. నా అంతట నేనే వెళ్లి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాను. ఈసారి కదలనండి అని చెప్పాను.

ఈసారి ముఖం తేలింది. గుంటలు అద్దంలోకన్నా లోతుగా పడ్డాయి. నాకు ఏడుపు ముంచుకొచ్చింది.

"ఈ రేకుకి మొహమాటం లేదమ్మా, ఉన్నదంతా చూపించేస్తుంది," అన్నారు ఫోటోగ్రాఫరు. "ఆ కళ్లు కూడా చూడు మరి."

చూశాను. ఊపిరి బిగబట్టిన ఆ పిల్ల నావైపే సూటిగా చూస్తోంది. దేనికీ దాక్కునేదానిలా లేదు.

"ఇదిగోనండి మా పిల్ల," అన్నారు తాతయ్య. తిరుగు బస్సులో పక్కన కూర్చున్న వాళ్లందరికీ ఆ రేకు చూపించారు. నేను ముఖం దాచుకోలేదు. సోమవారం బడికి వెళ్లాను.

తరువాత చాలా ఏళ్లు టీచరుగా పనిచేశాను. హాజరు పిలిచేటప్పుడు ఏ పిల్ల అయినా తల దించుకునే పలికితే, ఆ పేరు దగ్గరే ఆగేదాన్ని. తను తలెత్తి నాకేసి చూశాకే తరువాతి పేరు పిలిచేదాన్ని. రిటైరైనా ఆ అలవాటు పోలేదు. మా వీధిలో పిల్లలు నన్ను పలకరించాలంటే ఇప్పటికీ ముఖమెత్తే పలకరిస్తారు.