కొసరుగా వచ్చిన డబ్బా

మా బామ్మర్ది కొత్త కంప్యూటర్‌ను మొదటిసారి చూసినప్పుడు నేను దాని ఫ్యాన్లు లెక్కపెట్టాను. ఏడు. మా ఇంట్లో, వంటింటి ఎగ్జాస్ట్‌తో కలిపినా, తిరిగేవి ఐదే.

తాండూరులో అత్తగారింటికి ఆదివారం భోజనానికి వెళ్లాం. బామ్మర్ది నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ నడుపుతాడు. వాళ్లింట్లో ఎక్కడ చెయ్యి ఆనించినా సన్నని తెల్ల దుమ్ము అంటుకుంటుంది. ఆ కంప్యూటర్ మీద మాత్రం దుమ్ము లేదు. ఒక పక్కంతా అద్దం, లోపల నీలం వెలుగు. అన్నం తిన్న చేతిని రెండోసారి సబ్బుతో కడుక్కుని వచ్చి దాన్ని ముట్టుకున్నాను.

"ఎట్లున్నది బావా?"

"మంచిగనే ఉన్నది. లైట్లే జర ఎక్కువైనయ్. పెండ్లి పందిరి లెక్క కొడ్తున్నది."

"లైట్లు బంద్ చెయ్యొచ్చు బావా," అని ఏదో మీట నొక్కాడు. లైట్లు ఆరిపోయాయి. నాకు దొరికిన ఒకే ఒక్క లోపం కూడా అట్లా పోయింది.

తర్వాత ఆట తెరిచాడు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మేము నలుగురం, ఎవరింట్లో వాళ్లం కూర్చుని, ఫోన్లో మాట్లాడుకుంటూ కలిసి ఆడే ఆటే. తుపాకులు, కొండలు, పొగ. మూడేళ్లుగా ఆడుతున్నాను కానీ అందులో గడ్డి గాలికి ఊగుతుందని ఆ రోజే తెలిసింది. నా కంప్యూటర్‌లో అది ఆకుపచ్చ పట్టా పరిచినట్టు పడి ఉంటుంది.

"గడ్డి ఊగుతది గదా," అన్నాను, ఎప్పటినుంచో తెలిసినవాడిలా.

"నీ దాంట్ల ఊగదా బావా?"

"ఊగుతది. గింత ఊగదు."

అతను మౌస్‌తో తెర మీది కొండను ఇటూ అటూ తిప్పాడు. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు. "ఒక మాట చెప్త, ఏమనుకోకు. పోయిన మూడు వారాలు నీ సిస్టమ్ ఆగుడుతోనే ఓడినం. పొగ రాంగనే నువ్వు బొమ్మ లెక్క నిలవడి పోతున్నవ్. అవతలి జట్టోళ్లు నా మీద పడుతున్నరు. మా ఊరి బ్యాంకుకు కొత్తగొచ్చినాయన ఆడుతనంటున్నడు, లాప్‌టాప్ గూడ కొత్తది. ఇంకో రెండు ఆదివారాలు నీతోనే ఆడి చూద్దాం. నువ్వు సెట్ చేసుకుంటే నీ జాగ నీదే."

"నన్ను తీసేస్తున్నవా?"

"తీసేస్తలేను బావా. గప్పటికి గూడ గాకపోతే జర కూసోవెడ్త."

ఆ జట్టును కూర్చింది నేను. ఆ ఆటలో తుపాకీ ఎట్లా గురిపెట్టాలో మా బామ్మర్దికి నేర్పింది నేను. ఇప్పుడు నన్ను కూర్చోబెట్టడానికి అతనికి ఏడు ఫ్యాన్లు వచ్చాయి.

తిరుగు రైల్లో మా ఆవిడ నన్ను చూస్తూ ఉంది. "మా తమ్ముడు ముచ్చటపడి కొనుక్కున్నడు. నువ్వేంది మొఖం గట్ల వెట్టినవ్?"

"ఎండకు."

"రైల్ల ఎండేడిది?"

వికారాబాద్ దగ్గరికొచ్చేసరికి అనంతగిరి వైపు చెట్లు కిటికీలోంచి ఊగుతూ కనిపించాయి. చెట్లు చూసినా నాకు ఆ గడ్డే గుర్తొచ్చింది.

మాది వికారాబాద్‌లో స్టీలు సామాన్ల దుకాణం. తాత దుకాణందారు, నాన్న దుకాణందారు, మేనమామలు ముగ్గురూ దుకాణందారులే. పిల్లలు బడికి పోకముందే మా ఇంట్లో ఒకటి నేర్చుకుంటారు: కావలసిన వస్తువును ముందు అడగకూడదు. బిందె కావాలంటే గంగాళం ధర అడగాలి. ఎవరికోసమో అన్నట్టు అడగాలి. అవసరం మన ముఖంలో కనిపించిందంటే ధర మన చేతుల్లో ఉండదు. చివరికి ధర కుదిరాక కూడా వదలకూడదు, పైన ఏదో ఒకటి కొసరు పెట్టించుకోవాలి. గరిటె కానీ, టీ గ్లాసు కానీ. కొసరు లేకుండా ఇంటికొస్తే మా అమ్మ సంచీని తిరగేసి చూసేది.

ఎనిమిదేళ్ల కిందట నా కంప్యూటర్‌ను అట్లాగే కొన్నాను. హైదరాబాద్‌లో ఒక దుకాణంలో పొద్దున కూర్చుని మధ్యాహ్నం దాకా బేరం చేశాను. చివరికి ఆ మనిషికి ఆకలైందో, నా గొంతు విని విసుగొచ్చిందో, కేబినెట్ పెట్టెతో పాటు పవర్ సప్లయ్ కూడా ఉత్తగానే పెట్టేశాడు. గోడలో కరెంటును తీసుకుని లోపలి భాగాలన్నిటికీ పంచే ఇనుప డబ్బా అది. "పవర్ సప్లయ్ కొసరుగా తెచ్చిన" అని నేను చెప్పని చుట్టం లేడు. మా నాన్న అయితే దుకాణానికి వచ్చినవాళ్లకు కూడా చెప్పేవాడు. కంప్యూటర్ అంటే ఏమిటో ఆయనకు తెలియదు, కొసరు అంటే తెలుసు.

ఆ ఆదివారం తర్వాత నాలుగు రోజులు కౌంటర్ వెనక ఫోన్లో వీడియోలు చూశాను. కుక్కర్ల మీద దుమ్ము పేరుకుంది. ఒకడు ర్యామ్ పెంచమంటాడు, ఒకడు పాత డిస్కు తీసేసి కొత్తరకం పెట్టమంటాడు, ఒకడు గ్రాఫిక్స్ కార్డు మార్చకపోతే ఏం చేసినా దండగ అంటాడు. బొమ్మలను తెర మీద గీసేది ఆ కార్డే. నా దగ్గర ఉన్నది పది వేలు. ఆ పది వేలలో బామ్మర్ది గడ్డి ఊగాలి. అందుకే కార్డు అని తేల్చుకున్నాను. నిజానికి వీడియోలు తేల్చలేదు, గడ్డి తేల్చింది.

వికారాబాద్‌లో కొనే వీలు లేదు. ఇక్కడి కంప్యూటర్ దుకాణాల వాళ్లకు నేను తెలుసు. నన్ను దూరం నుంచి చూసి ధర పెంచేసి, నేను అడిగినంతా తగ్గించి, నమస్కారం పెట్టి పంపుతారు. కాబట్టి శుక్రవారం పొద్దున్నే దుకాణం నాన్నకు అప్పజెప్పి తాండూరు రైలెక్కాను. బామ్మర్దికి చెప్పలేదు. అక్కడ ఒక భాయ్ పాత, కొత్త భాగాలు అమ్ముతాడని విన్నాను. షట్టర్ ఎత్తే వేళకు చేరుకోవాలని నా ఎత్తు. పొద్దున మొదటి గిరాకీని ఎవరూ ఉత్త చేతులతో పంపరు, బోణీ చెడుతుంది. ఆ భయం నాకు తెలిసినంతగా ఎవరికి తెలుస్తుంది, రోజూ పొద్దున నేనూ భయపడేవాణ్ణే.

భాయ్ అగరుబత్తి వెలిగిస్తున్నాడు. నెరిసిన గడ్డం, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. "రాండి సేట్, కూసోండి," అన్నాడు. సేట్ అన్నందుకు లోపల కొంచెం పొంగాను.

ముందు కీబోర్డు ధర అడిగాను. తర్వాత స్పీకర్లు. తర్వాత, పోతూ పోతూ కంటపడ్డట్టు, గ్రాఫిక్స్ కార్డు. వాడినదే, ఆరు జీబీ, తొమ్మిదిన్నర వేలన్నాడు.

"ఏ సిస్టమ్‌లకు సేట్?"

"నాకు గాదు భాయ్. దోస్తుకు."

"దోస్తుది కొత్తదా, పాతదా?"

పాతది అంటే నా అవసరం బయటపడుతుంది. "కొత్తదే," అన్నాను.

"పవర్ సప్లయ్ ఎన్ని వాట్లది? ఈ కార్డు కరెంటు మస్తు తాగుతది. కనీసం ఐదు వందలుండాలె."

"గంతకంటె ఎక్కువనే ఉంటది."

ఆయన కళ్లద్దాలు పైకి జరుపుకుని నన్ను చూశాడు. "అయితే ఫికర్ లేదు," అన్నాడు.

రెండుసార్లు లేచి గడప దాకా వెళ్లాను. రెండుసార్లూ వెనక్కి పిలిచాడు. ఎనిమిది వేలకు తెగింది. పైన ఒక వైరు కొసరు పెట్టించుకున్నాను. పాత డబ్బాల్లో ఆ కార్డుకు సరిపడే తీగ ఉండదు, ఈ వైరుతో కలపొచ్చని వీడియోలో చూశాను. కొత్త సిస్టమ్‌కు ఆ వైరెందుకని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. రైల్లో కార్డు డబ్బాను ఒళ్లో పెట్టుకుని, పదిహేను వందలు తగ్గించానని వికారాబాద్ దాకా నవ్వుకుంటూ వచ్చాను.

ఆదివారం మధ్యాహ్నం కార్డు బిగించి ఆటలోకి వచ్చాను. కొండ, చెట్లు, అన్నీ కడిగినట్టున్నాయి. గడ్డి వైపు తిరగబోయేసరికి పొగ వచ్చింది. అంతలో టక్కుమని ఒక చప్పుడై కంప్యూటర్ మొత్తం ఆరిపోయింది. తెర నల్లగా ఉంది. అందులో నా ముఖమే కనిపించింది.

"బావా, ఏడున్నవ్?" ఫోన్లో బామ్మర్ది.

"కరెంట్ వోయింది."

వంటింట్లోంచి మా ఆవిడ గొంతు, దాని వెనకే మిక్సీ చప్పుడు. "కరెంట్ యాడ వోయింది? మిక్సీ తిరుగుతనే ఉన్నది గదా."

ఫోన్లో ముగ్గురూ నవ్వారు. ఆ రోజు ఇంకో రెండుసార్లు పెట్టి చూశాను. ఐదు నిమిషాలు బాగుంటుంది, పొగ వస్తే టక్కుమంటుంది. మూడోసారికి బామ్మర్ది మెత్తగా అన్నాడు. "పరేషాన్ గాకు బావా. ఇంకొక ఆదివారం ఉన్నది గదా. అప్పుడు గూడ గాకపోతే బ్యాంకాయనను పిలుస్త." అతను కోపంగా అని ఉంటే బాగుండేది. అన్నీ ఉన్నవాడికి మెత్తగా మాట్లాడటానికి ఖర్చేమీ కాదు.

సోమవారం కేబినెట్‌ను దుప్పట్లో చుట్టి, ఒళ్లో పెట్టుకుని మళ్లీ తాండూరు రైలెక్కాను. పక్కన కూర్చున్న పెద్దావిడ అడిగింది. "ఏంది నాయనా, దేవుని పటమా?"

"గసోంటిదే అమ్మా."

భాయ్ కౌంటర్ మీద దుప్పటి విప్పి, స్క్రూలు తీసి, మూత తెరిచాడు. ఎనిమిదేళ్ల దుమ్ము. దుప్పటంత దుమ్ము. బేరంలో ఎన్నడూ చూపించనిదంతా కౌంటర్ మీద పరిచినట్టయింది. ఆయన నా కొసరు డబ్బాను బయటికి తీసి అరచేతిలో పెట్టుకుని తూచినట్టు ఊపాడు.

"పిట్ట బరువు లేదు సేట్. దీన్ని కొన్నరా?"

"ఉత్తగొచ్చింది."

"ఉత్తగొచ్చినట్టే ఉన్నది. దీని మీద నాలుగు వందల యాభై అని రాసి ఉన్నది, రెండు వందలు గూడ ఇయ్యదు. మొన్ననే చెప్తే గా కార్డు ఇయ్యకపోదును. చిన్న కార్డొకటున్నది, దానికి వేరే వైరే అక్కర్లేదు, బోర్డు మీది కరెంటుతోనే నడుస్తది. నీ సిస్టమ్‌కు గదే సరిజోడు. మిగిలిన పైసలల్ల మంచి పవర్ సప్లయ్ వస్తుండె."

"దోస్తుకని చెప్పిన గదా భాయ్, నీకెట్ల ఎరుక నాదని?"

"స్టీలు సామాన్ల సేట్‌వి గాదా? నాపరాళ్లాయనకు బావవు. పెండ్లిల చూసిన. నువ్వు దోస్తుకంటివి. ఇజ్జత్ మాట, నేనెట్ల అడుగుత?"

షట్టర్ కింద దూరి వెళ్లిపోవాలనిపించింది. ఆయన దుమ్ము ఊదుతూ ఇంకో మాట అన్నాడు.

"మీ బామ్మర్దిది గూడ గిక్కడ్నే. వచ్చి కూసుండి, ఏం ఆడుతడు, ఎంత పెట్టగలడు, అన్నీ చెప్పిండు. రాసుకొచ్చిన చిట్టి నా ముందట వెట్టిండు. గింత పెద్ద కార్డు నీకెందుకని నేనే కొట్టేసిన. పన్నెండు వేలు తగ్గినయ్."

"బేరం చేసిండా?"

"బేరమా? గా పిలగానికి బేరమే రాదు."

పన్నెండు వేలు. నా జన్మలో ఒక్క బేరంలో పన్నెండు వేలు తగ్గించింది లేదు. అద్దం తలుపు మీద, నీలం వెలుగు మీద, ఏడు ఫ్యాన్ల మీద పడ్డ కుళ్లంతా కలిపినా ఈ కుళ్లుకు సగం కాదు. అతను ఆ దుకాణంలో ఎట్లా కూర్చుని ఉంటాడో ఊహించుకున్నాను. కాళ్లు చాపుకుని, చిట్టి ముందు పెట్టి, నాకు ఇది కావాలి భాయ్ అని. నోట్లోంచి ఆ మాట అంత తేలిగ్గా ఎట్లా వచ్చిందో నాకు తెలియలేదు.

నేను కూడా ప్రయత్నించాను. "ఆట నడవాలె భాయ్," అన్నాను. గొంతు నాది కానట్టుంది. "ఈ ఆదివారం నడవకపోతే నా జాగల ఇంకొకరిని పెడ్తరు. ఉన్నది ఇంకో రెండు వేలు."

"గంతేనా? ముందే చెప్పకపోతివి." ఆయన పెద్ద కార్డు వెనక్కి తీసుకుని, చిన్న కార్డు బిగించి, చెయ్యి వంగేంత బరువున్న ఒక పవర్ సప్లయ్ పెట్టాడు. వెయ్యి రూపాయలు పైన అడిగాడు. నేను ధర మాట ఎత్తలేదు. లేవబోతూ మాత్రం, ఉండబట్టక, "ఏమన్న కొసరు భాయ్?" అన్నాను. ఆయన నా పాత డబ్బాను దుప్పట్లో పెట్టి ఇచ్చాడు.

ఆదివారం వచ్చింది. నలుగురం ఆటలోకి దిగాం. పొగ వచ్చింది, పోయింది. కంప్యూటర్ ఆరలేదు. పొగ తేలిపోయాక కొండ పక్కన గడ్డి కనిపించింది. బామ్మర్ది దాంట్లో ఊగినంత కాదు, కానీ ఊగింది. దాన్ని చూస్తూ నిలబడ్డాను. ఎవడో వెనకనుంచి వచ్చి నన్ను కాల్చేశాడు.

"బావా, మళ్ల ఆగిందా?" బామ్మర్ది గొంతులో కంగారు.

"ఆగలే. నేనే ఆగిన. గడ్డి చూస్తున్న."

"నీ దాంట్ల ముందే ఊగుతుండె అంటివి గదా?"

కరెంట్ పోయిందనడానికి లేదు, మిక్సీ తిరుగుతూనే ఉంది.

"ఊగకపోతుండె," అన్నాను.

అతను నవ్వాడు. "జాగ నీదే తియ్ బావా. గడ్డి తర్వాత చూద్దువు గని, మళ్ల దిగినంక గా కొండెనకకు పోయి కూసో."

ఆటలో ఇంకో ప్రాణం వచ్చాక నేను మళ్లీ దిగి కొండ వెనక్కి వెళ్లి కూర్చున్నాను. నా కొత్త డబ్బాలో ఫ్యాను గుయ్‌మని తిరుగుతోంది. ఫోన్లో అతని వైపు నుంచి ఒక్క ఫ్యాన్ చప్పుడైనా వినిపిస్తుందేమోనని చెవి పెట్టి విన్నాను. ఏడు ఫ్యాన్లున్నాయి. ఒక్కటీ వినిపించలేదు.