మెడ వంగని తలనొప్పి

నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలూ, తలనొప్పులూ రెండూ ఇంట్లో మా అమ్మ దగ్గరే నేర్చుకున్నాను. ఖాళీ కడుపు నొప్పి కనుబొమల మీద కూర్చుంటుంది, గంజి తాగితే దిగుతుంది. తడి జుట్టుతో పడుకుంటే వచ్చేది ముక్కు మొదట్లో బరువుగా ఉంటుంది, దానికి శొంఠి పట్టు. ఒంటి కణత నొప్పికి చీకటి గదే మందు. అమెరికా వచ్చాక కూడా నాకు తెలిసినవి ఈ మూడే.

ఎనభైల మొదట్లో, మేముండే ఎడిసన్‌లో మా తెలుగు క్రైస్తవులం ఎవరో ఒకరి అపార్ట్‌మెంట్‌లో శనివారం ఉపవాస ప్రార్థన పెట్టుకునేవాళ్ళం. ఆ వారం మా ఇంట్లో. పొద్దున్నే మా ఆయన తల పట్టుకుని లేచారు.

"పగిలిపోతోందే. ఆ లైటు ఆపు."

"ఉపవాసం కదండీ. ప్రార్థన అయ్యాక కాఫీ ఇస్తాను, పోతుంది."

శొంఠి అరగదీసి నుదుటికి పట్టు వేశాను. వేశానే గాని మనసు నిలవలేదు. ఆయన ఉపవాసాలకి కొత్త కాదు. సర్దిన కుర్చీలే మళ్ళీ సర్దాను. గదిలోకి వెళ్ళి చూడడం, వంటింట్లోకి రావడం, మళ్ళీ వెళ్ళడం.

అందరూ వచ్చారు. మాలో పెద్దాయన ఒకరు ప్రార్థన ఎత్తుకున్నారు, తలలన్నీ వంగాయి. ఓరకంట చూస్తే మా ఆయన ఒక్కరే నిటారుగా కూర్చున్నారు. పదిమందిలో ఇదేమిటని మోచేత్తో పొడిచాను. వంగలేదు.

మా గుంపులో ఒక నర్సక్క ఉండేది. ప్రార్థన మధ్యలోనే కళ్ళు తెరిచింది.

"తమ్ముడూ, గడ్డం రొమ్ముకి ఆనించు."

"ఆనట్లేదక్కా. మెడ కర్రలా బిగిసిపోయింది."

ఆమె చెయ్యి వేసి చూసింది. "ఒళ్ళు కాలిపోతోంది!"

"ఉపవాసం తలనొప్పి అక్కా, శొంఠి వేశాను..."

"నీ శొంఠి చారులో వేసుకో పిల్లా. తలనొప్పి, జ్వరం, మెడ పట్టెయ్యడం మూడూ కలిస్తే ఇంట్లో కూర్చోకూడదు. ఎమర్జెన్సీకి పద."

"ఆమెన్ అననియ్యమ్మా," అన్నారు పెద్దాయన.

"కారులో అందురు గాని, లేవండి. డ్రైవ్ చెయ్యాల్సింది మీరే."

ఆస్పత్రిలో వెన్నులోంచి నీరు తీసి చూశారు. మెదడు పొరలకి వాపని, మందు ఎక్కిస్తున్నారని, నిలుస్తాడో లేదో ఇప్పుడే చెప్పలేమంటున్నారని నర్సక్క తెలుగులో చెప్పింది. నేను కూర్చోలేకపోయాను. ప్రభువా అని మొదలుపెడతాను, తర్వాతి మాట రాకముందే లేచి తలుపు దగ్గరికి వెళ్తాను. నా చేతిలో చెయ్యి వేసి ఆ ప్రార్థన ఆమే పూర్తి చేసింది.

ఆయన బతికారు. ప్రార్థన మధ్యలో కళ్ళు తెరిచే మనిషిని మా ఇంటికి పంపిన దేవుడికి స్తోత్రం.

ఇప్పటికీ ఎవరైనా తలనొప్పి అంటే నాకు కాలు నిలవదు. జ్వరముందా, మెడ బిగిసిందా, ఉన్నట్టుండి పిడుగులా వచ్చిందా, మాట తడబడుతోందా, చూపు మసకేసిందా, ఎక్కడైనా పడ్డావా అని అడుగుతాను. ఒక్కదానికి అవునన్నా కారు తియ్యమంటాను. విసుక్కుంటారు, విసుక్కోనీ.

ఆ జబ్బు మా ఆయన ఎడమ చెవి వినికిడిని తీసుకుపోయింది. అప్పటినుంచీ నేను ఆయనకి కుడిపక్కన కూర్చుంటున్నాను.