ప్రారంభోత్సవం లేని బండి

వాన వెలిసిన ఉదయాల్లో మా వీధి కాలువ వెంట బ్లీచింగ్ పొడి చల్లుతారు. అచ్యుతాపురం వెళ్లే కంపెనీ బస్సు కోసం నేను ఆ సమయానికి రోడ్డు మీద నిలబడి ఉంటాను. తడి మట్టి మీద పడిన పొడి వాసన ఘాటుగా ముక్కుకు తగులుతుంది. పక్కవాళ్లు కొంగో రుమాలో అడ్డం పెట్టుకుంటారు. నేను పెట్టుకోను. ఆ వాసన వస్తే చాలు, నూలు చీర కుచ్చెళ్లు కాస్త పైకి దోపుకుని కాలువ గట్టు మీద నిలబడ్డ వరహాలమ్మ గారు కనిపిస్తారు. "అడుగు దాకా తియ్యండి నాయనా. పైపైన గోకితే రేపు మళ్లీ ఇదే పని," అంటూ ఉంటారు. అనకాపల్లికి విడిగా మున్సిపాలిటీ ఉన్న రోజుల్లో ఆవిడ చైర్‌పర్సన్. నేను ఆవిడ గదిలో కంప్యూటర్ ఆపరేటర్‌ని. కాంట్రాక్టు ఉద్యోగం, చదువు పూర్తయ్యాక నాకు దొరికిన మొదటి పని.

ఆ పదవి ఆడవాళ్లకు కేటాయించడం వల్ల ఆవిడకు వచ్చింది. నిజానికి ఊరు ఓటేసింది వాళ్లాయనకు. ఆయన బెల్లం వ్యాపారి, నలుగురిలో తిరిగిన మనిషి. మొదట్లో ఫైళ్లన్నీ ఆయన దగ్గరకే వెళ్లేవి, ఆవిడ సంతకం పెట్టేవారు. ఆవిడకంటూ మిగిలిన పని ప్రారంభోత్సవాలు. బట్టల కొట్టు తెరిచినా, బడి వార్షికోత్సవం జరిగినా, పెళ్లయినా ఆవిడ వెళ్లి రిబ్బను కత్తిరించాలి, లేదా అక్షింతలు వెయ్యాలి. పట్టుచీర నలగకుండా కారులో కూర్చోవడం కూడా ఒక ఉద్యోగమేనని నవ్వేవారు. అలా ఉండగా ఒకనాటి ఉదయం వాళ్లాయన గుండె ఆగి పోయారు. ఆవిడ రాజీనామా చేస్తారనే అందరూ అనుకున్నారు. పెద్దకర్మ కాగానే ఆవిడ ఆఫీసుకు వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు. వైస్ చైర్మన్ సూరిబాబు ఎదురుగా కూర్చుని మెల్లగా మొదలుపెట్టాడు.

"ఇంటికాడ రెస్టు తీసుకో అక్కా. ఇక్కడ పనులు నాను సూసుకుంటాను."

"ఇంటికాడ కూకుని ఏటి సెయ్యనురా? గోడల్ని సూడనా?" అన్నారు ఆవిడ. ఆ రోజు నుంచి ఫైళ్లు ఆవిడే చదవడం మొదలుపెట్టారు. తెల్లవారగానే పారిశుధ్య కార్మికుల వెనక వీధుల్లో నడవడమూ అప్పుడే మొదలైంది.

ఒక కొత్త నగల దుకాణం వాళ్లు అంతకు ముందే ఆహ్వానపత్రిక మీద ఆవిడ పేరు అచ్చు వేయించారు. ప్రారంభం దగ్గర పడ్డాక యజమాని తమ్ముడు వచ్చి, ఎండలు ముదిరాయనీ, మేడం గారికి శ్రమ ఎందుకనీ, నేల చూస్తూ చెప్పాడు. ఆవిడ అతని మాట పూర్తి కానిచ్చారు. "అలాగే నాయనా. షాపు బాగా నడవాలి," అన్నారు. అతను వెళ్లాక నా వైపు తిరిగి, "రూతూ, మీలో కూడా ఇలాగేనా?" అని అడిగారు.

"మాలో ఇంత లేదు మేడమ్. అసలు లేదని కూడా చెప్పలేను," అన్నాను.

తర్వాత పెళ్లిపత్రికలు రావడం కూడా ఆగిపోయింది. కుళాయిలో నీళ్లు రాలేదనీ దీపం వెలగలేదనీ వచ్చేవాళ్లు మాత్రం వచ్చేవారు. శుభానికి పనికిరాని మనిషి కాలువకు పనికొచ్చింది. ఆ మాట ఆవిడ ఎన్నడూ అనలేదు. నాకు అనిపించింది, అంతే.

ఒక ఉదయం వీధుల్లో తిరిగేటప్పుడు నేను కూడా ఆవిడ వెంట ఉన్నాను. రైల్వే స్టేషను వైపు ఒక సందులో చెత్త ట్రాక్టరు ఆగి ఉంది. తొట్టిలో గోనెపట్టా, దాని మీద ఒక ముసలావిడ శవం. ఊళ్లో శవాన్ని తీసుకెళ్లడానికి వేరే బండి లేదు. మోసే మనుషులు లేని వాళ్లకు, ఆటో వాళ్లు ఒప్పుకోని వాళ్లకు ఈ ట్రాక్టరే దిక్కని నాకు అంతవరకు తెలియదు. ఆమె భర్త, రిక్షా తొక్కే ముసలాయన, చక్రం పక్కన నిలబడి ఉన్నాడు. వరహాలమ్మ గారు తొట్టి దగ్గరకు వెళ్లారు. "తొట్టి కడిగేరా?" అని అడిగారు.

"కడిగేం అమ్మా," అన్నాడు ఆ ముసలాయన. "నానే కడిగేను."

ట్రాక్టరు కదిలితే ఆవిడ దాని వెనక సందు చివర దాకా నడిచారు. ఆఫీసుకు వచ్చాక, ఊరికి ఒక బండి కావాలన్నారు. మున్సిపాలిటీ నిధులకు రాస్తే ఎప్పటికి వస్తాయో తెలియదు కాబట్టి చందాలు ఎత్తుదామన్నారు. కరపత్రం నేనే కంపోజ్ చేశాను.

మొదట బెల్లం మార్కెట్టుకు వెళ్లాం. ఆవిడ భర్తతో కలిసి వ్యాపారం చేసినవాళ్లే అంతా. ఒకాయన చేతులు జోడించి, "పొద్దున్నే బేరం మొదలెట్టకముందు శవాల బండికి చందా ఏటమ్మా? గుడికడుగు, బడికడుగు, ఇత్తాం. దీనికి మాత్రం అడక్కు," అన్నాడు. ఇంకో కొట్టులో గుమాస్తా వచ్చి యజమాని లేరని చెప్పాడు. గుమ్మం ముందు యజమాని చెప్పులు ఉన్నాయి. అవి ఆవిడ కూడా చూశారు. "పోనీలే, పద," అని ఎండలోకి నడిచారు. ఆ పూట ఎవరూ మాకు కుర్చీ వెయ్యలేదు. ఆయన బతికి ఉండగా ఇదే మార్కెట్టులో ఆవిడ కారు దిగితే కొబ్బరిబొండాలు కొట్టించేవారని నాకు తెలుసు.

మర్నాడు ఆవిడ, "సంపాదించుకునే చోటికెళ్లి అడగడం మనదే తప్పు. మనిషిని పోగొట్టుకున్న ఇళ్లకెల్దాం," అన్నారు. వెళ్లాం. ఏ ఇంట్లోనూ ఆవిడ ముందు చందా మాట ఎత్తలేదు. "మీవోళ్లని ఎలా తీసుకెళ్లేరమ్మా?" అని అడిగేవారు. ఆ ఒక్క ప్రశ్నకు ఎంతెంత కథలు వచ్చేవో. పక్క ఊరు మునగపాకలో ఒక చెరకు రైతు, "పెద్దాసుపత్రి నుంచి తమ్ముణ్ని సెరుకు ట్రాక్టర్లో తెచ్చుకున్నానమ్మా. గతుకుల్లో తల కదిలిపోతంటే దారంతా ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాను," అని చెప్పి తన అరచేతులు చూసుకున్నాడు. చేతిలో డబ్బు లేదని, గానుగాడగానే బెల్లం దిమ్మలు పంపించాడు. అతన్ని చూసి చుట్టుపక్కల ఇంకొందరు పంపారు. ఆ బెల్లాన్ని అదే మార్కెట్టులో వేలం వేస్తే, అది దేని కోసమో తెలిసిన వ్యాపారులు రేటు పెంచి పాడుకున్నారు. చందా ఇవ్వడానికి భయపడినవాళ్లకు బెల్లం కొనడానికి భయం లేకపోయింది.

అలా బండి వచ్చింది. తెల్లటి వ్యాను. దాని మీద వైకుంఠం పేరు రాయిద్దామని సూరిబాబు అన్నాడు. ఆవిడ నా వైపు ఒకసారి చూసి, "ఎవల దేవుడు ఆలకి ఉంటాడు. ఏటీ రాయొద్దు," అన్నారు. ప్రారంభోత్సవానికి పార్టీలో పెద్ద నాయకుడు ఒకాయన వస్తానన్నారు. ఆఫీసు ముందు పందిరి వేశారు. బండిని పూలదండలు కట్టడానికి సిద్ధంగా షెడ్డులో పెట్టారు.

ఆ వారంలోనే మా నాన్న పోయారు. ఎన్నో ఏళ్లు లారీ నడిపి, చివరికి ఊపిరితిత్తుల జబ్బుతో మంచాన పడ్డారు. పోయిన రోజు ఆగకుండా వాన. సెలవు చెప్పడానికి ఆఫీసుకు ఫోను చేస్తే ఆవిడే తీశారు. "ఇంటికాడే ఉండు. బండి వత్తాది," అన్నారు. ఫోను పెట్టెయ్యడం మరిచిపోయినట్టున్నారు. అవతల సూరిబాబు గొంతు వినిపించింది.

"ఓపెనింగు అవ్వకుండా బండెలా తీత్తావక్కా? శవం ఎక్కీసిన బండికి రిబ్బను కట్టి పెద్దాయన్ని ఏ మొకంతో పిలుత్తాం?"

"శవం ఎక్కడానిక్కాకపోతే ఈ బండెందుకురా సూరిబాబూ?"

ఆవిడ కూడా ఆ బండిలోనే వచ్చారు. మా అమ్మ ఆ దుఃఖంలోనే, "అమ్మగోరూ, ఇంత వానలో మీరెందుకొచ్చేరు?" అంది. ఆవిడ బండిలో అమ్మ పక్కనే ఎక్కి కూర్చున్నారు. సమాధుల తోటలో పాస్టరు గారి ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరం పిడికెడు మన్ను వేస్తున్నాం. ఆవిడ నా చెవి దగ్గరకు వచ్చి, "నానూ వెయ్యొచ్చా?" అని అడిగారు. తలూపాను. మన్ను వేసి, తడిసిన చేతిని కొంగుకు తుడుచుకోకుండా అలాగే పట్టుకుని నిలబడ్డారు. "మా ఆయనప్పుడు నన్ను కాటికి రానివ్వలేదు. గుమ్మం దాకానే," అన్నారు. అంత తగ్గు గొంతుతో ఆవిడ మాట్లాడటం నేను అంతకు ముందు వినలేదు.

ప్రారంభోత్సవం జరగలేదు. పందిరి విప్పేశారు. పెద్ద నాయకుడికి కోపం వచ్చిందో లేదో నాకు తెలియదు గాని, పార్టీ మనుషులు ఆవిడ గదికి రావడం మానేశారు. ఊళ్లో కొందరు వెనక శవాల చైర్మనమ్మ అనేవారు. బండి మాత్రం ఒక్క రోజు కూడా ఖాళీగా ఉండేది కాదు.

నాన్న పోయి నెల దాటింది. మొదట్లో ఇల్లు నిండా ఉన్న చుట్టాలు, సంఘం వాళ్లు ఎవరి పనుల్లో వాళ్లు పడ్డారు. ఒక మధ్యాహ్నం వరహాలమ్మ గారు కారు లేకుండా నడిచి మా ఇంటికి వచ్చారు. అమ్మను టీ పెట్టమన్నారు. తాగుతూ, "ఆయన ఏ పక్కకి పడుకునేవోరు?" అని అడిగారు. గోడ వైపు అని అమ్మ చెప్పింది. "నాకింకా ఆ సగంలోకి జరగబుద్ధవదు," అన్నారు ఆవిడ. అమ్మ అప్పటిదాకా ఎవరి దగ్గరా ఏడవలేదు. ఆ మధ్యాహ్నం ఏడ్చింది. నేను వంటింట్లోకి వెళ్లిపోయాను. సాయంత్రం సందు చివర దాకా దిగబెట్టడానికి వెళ్తే, "పోయిన్రోజు అందరూ వత్తారు రూతూ. నెల పోయేక రావాలి. అప్పుడే ఇల్లు మరీ పెద్దదైపోతాది," అన్నారు.

ఆవిడ పదవీకాలం ముగిసింది. ఊరు విశాఖ కార్పొరేషన్‌లో కలిసింది, చైర్‌పర్సన్ కుర్చీయే లేకుండా పోయింది. నాకు అచ్యుతాపురంలో ఉద్యోగం దొరికింది. ఆదివారాలు చర్చి నుంచి వచ్చేటప్పుడు ఆవిడ ఇంటికి వెళ్లేదాన్ని. ఒకప్పుడు అర్జీలు పట్టుకుని జనం కూర్చున్న వసారాలో కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉండేవి. పిల్లలు లేరు. బాధగా ఉంటుందా అని ఒకసారి అడిగాను. "పొద్దున్నే గేటు కేసి సూత్తాను. కుళాయి రాలేదని తిట్టడానికైనా ఎవలైనా వత్తారేమోనని. రారు," అన్నారు. తర్వాత రావికమతంలో తమ్ముడి ఇంటికి వెళ్లిపోయారు. అక్కడే కన్ను మూశారు.

కబురు నాకు ఆలస్యంగా తెలిసింది. వెంటనే వెళ్లలేదు, నెల పోయాకే వెళ్లాను. తమ్ముడి కుటుంబం మర్యాదగానే మాట్లాడింది. ఆవిడ ఉన్న గదిలో అప్పటికే ధాన్యం బస్తాలు వేశారు. మంచినీళ్లు తాగి వసారాలో కూర్చున్నాను గాని, ఆవిడ కోసం ఎవరి పక్కన కూర్చోవాలో నాకు తెలియలేదు. కాసేపటికి లేచి బస్సెక్కాను.

మా కంపెనీలో ప్యాకింగ్ సెక్షన్‌లో పనిచేసే లక్ష్మి అనే అమ్మాయి భర్త ఈమధ్య రోడ్డు ప్రమాదంలో పోయాడు. పోయిన రోజు బస్సు నిండా అందరం వెళ్లాం. నెల పోయాక, మొన్న సాయంత్రం నేను ఒక్కదాన్నే దారిలో దిగి వాళ్ల ఇంటి తలుపు తట్టాను.

"ఏటక్కా, ఇలాగొచ్చేవు?" అంది.

"ఊరికే. టీ పెడతావా?"

ఆమె కంగారుగా కుర్చీ మీది బట్టల కుప్ప మంచం మీదికి మార్చింది. "ఎవలూ రావట్లేదు కదాని ఇల్లిలాగే వదిలీసేను," అంది. నేను మంచం చివర కూర్చుని బట్టలు మడత పెట్టడం మొదలుపెట్టాను. కుప్పలో ఒక మగవాడి చొక్కా ఉంది, కాలరు మాసి ఉంది. చేతిలోకి తీసుకోబోయాను.

"అదొద్దక్కా. అలాగే ఉండనీ," అంది లక్ష్మి.

దాన్ని అలాగే ఉంచి, మిగిలినవి మడత పెడుతూ కూర్చున్నాను.