భూరా చెవులు

మా నెహ్రూ నగర్ అపార్ట్‌మెంటు లిఫ్టులో ఈ మధ్య పొద్దున్నపూట తడిసిన కుక్క వాసన వస్తోంది. పైఅంతస్తులో ఉండే కుర్ర జంట, వానలు వెనకపట్టి చలి ఇంకా మొదలవని ఈ రోజుల్లో, తమ కుక్కను తెల్లారకుండానే తిప్పుకొస్తారు. అది రోడ్డు పక్క గడ్డి మీద ఉన్న మంచునంతా ఒంటికి పూసుకుని వస్తుంది. మిగతావాళ్లు ముక్కు మూసుకుంటారు. నేను తలుపులు తెరుచుకున్నాక కూడా ఒక్క క్షణం ఆగి దిగుతాను. ఆ వాసన తగలగానే నాలో కదిలేది ప్రేమ అనుకుంటారేమో, కాదు, అసూయ. చిన్నప్పుడు నేనొక కుక్కను చూసి కుళ్లిపోయాను.

అప్పుడు మేం హథ్‌ఖోజ్ కార్ఖానా షెడ్లకు దగ్గర్లో, గోడకు గోడ ఆనుకున్న వరస ఇళ్లలో అద్దెకుండేవాళ్లం. నాన్న అక్కడే ఒక చిన్న ఇంజనీరింగ్ షెడ్డులో ఫిట్టరు. శ్రీకాకుళం పక్కన సముద్రపొడ్డు పల్లె నుంచి, పెళ్లయిన కొత్తలోనే అమ్మను వెంటబెట్టుకుని హిందీ మాట్లాడే ఈ ఉక్కు కార్ఖానా ఊరికి వచ్చేశాడు. అమ్మకు ఆయన సొంత మేనబావ. రేకుల షెడ్లు అయిపోయిన చోటి నుంచి కుమ్హారి వైపుగా వరి పొలాలు మొదలయ్యేవి. భాద్రపదం వెళ్లి ఆశ్వయుజం వచ్చేసరికి గట్ల నిండా రెల్లు తెల్లగా పూసి, పొట్టకొచ్చిన వరిచేల నుంచి పచ్చిపాల లాంటి వాసన లేచి, గుంటల్లో నిలిచిన వాననీళ్లలో కలువలు విచ్చుకుని, పడమటి దిక్కున కార్ఖానా పొగగొట్టాల మీది ఎర్రటి వెలుగూ తూర్పున పొద్దు వెలుగూ కాసేపు ఒకే రంగులో కనిపించేవి. పక్కింటి పెద్దమ్మ తీజ్ పండగకు వండిన ఠేఠరీ, ఖుర్మీ అనే పిండివంటలు పళ్లెం నిండా పంపేది. ఆ పళ్లెం ఖాళీగా తిరిగి పంపకూడదని దసరాకు అమ్మ పాకుండలు వండి ఇచ్చేది. వీధంతా మేం పెంకులు పేర్చి పిట్టూల్ ఆడుతూ, హిందీలోనే కొట్టుకుని హిందీలోనే కలిసిపోయేవాళ్లం.

ఇంట్లో మాత్రం నాన్న దగ్గర హిందీ చెల్లేది కాదు. "తెలుగులో సెప్పు" అనేవాడు, ఏం అడిగినా. పుట్టిన ఊరి మీద బెంగ కాబోలు అనుకునేదాన్ని. ఆయన మాట్లాడేదే తక్కువ. షెడ్డు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, గోడకు చేరబడి బీడీ వెలిగించాక అమ్మ వంటింట్లోంచి ఎన్ని చెప్పినా ఉలకడు, పలకడు. "గోడకి సెప్పినా ఇంటాది" అని అమ్మ గిన్నెల మీద కోపం తీర్చుకునేది. నేను స్కూల్లో పద్యం అప్పజెప్పి చప్పట్లు కొట్టించుకున్న సంగతి ఆయన వీపు వెనక నిలబడి రెండుసార్లు చెప్పి, మూడోసారి చెప్పకుండా వెళ్లిపోయాను.

అలాంటి మనిషి ఒక కుక్కతో మాట్లాడేవాడు. ఏదో వానాకాలంలో మా గుమ్మంలోకి వచ్చి నాన్న సైకిల్ కింద పడుకున్న గోధుమరంగు వీధికుక్క అది. ఆ రంగును బట్టే వీధి పిల్లలం హిందీలో భూరా అని పేరు పెట్టాం. అన్నం పెట్టింది అమ్మ, పేలు తీసింది నేను. అది మాత్రం నాన్నదైపోయింది. రోజూ చీకటి విచ్చకముందే ఆయన తలుపు గొళ్లెం తీయడం, భూరా ఒళ్లు దులుపుకోవడం, ఇద్దరూ పొలాల వైపు వెళ్లిపోవడం నాకు పక్క మీది నుంచే వినిపించేది. తిరిగొచ్చేసరికి నాన్న పంచె అంచుకు గడ్డిగింజలు అంటుకుని ఉండేవి, ముఖం తేటగా ఉండేది. ఆ తేటదనం మాకు ఎన్నడూ మిగిలేది కాదు. నన్నూ తీసుకెళ్లమని ఒకసారి అడిగితే, "పడుకోయే, మంచు పడతాది" అన్నాడు. మంచు కుక్కకు మాత్రం పడదా అని ఆ పూటంతా ఏడుపు మింగుకున్నాను. ఆయన చూడకుండా భూరా ముందు నిలబడి, దానికి నాలుక చాపి వెక్కిరించేదాన్ని. అది తోక ఊపేది. అందుకు మరింత మంటగా ఉండేది.

అట్లతద్దె వచ్చింది. అమ్మ నన్ను చీకటితోనే లేపి, గోరింటాకు పండిన చేతిని మురిపెంగా చూసుకుని, పెరుగన్నం, నంజుకోవడానికి గోంగూర పచ్చడి పెట్టి, "పో, ఆడుకో" అంది. వాళ్ల ఊళ్లో ఆ వేళకు వీధి వీధంతా ఆడపిల్లల కేకలేనట. మా వీధిలో తెలుగు ఆడపిల్లను నేనొక్కదాన్నే. అందరి తలుపులూ మూసి ఉన్నాయి. అప్పుడే నాన్న, భూరా మలుపు తిరుగుతున్నారు. నేను వెనకాల పడ్డాను.

షెడ్లు దాటి మట్టిబాట ఎక్కాక ఆయన మాట్లాడటం మొదలుపెట్టాడు. మెల్లగా కాదు, పొలాల అవతలికి వినిపించేంత గట్టిగా. వాళ్లమ్మ పీతల పులుసులో చింతకాయ ఎలా దంచి వేసేదో, అలలు ఎక్కువైన రోజు తెప్పను ఒడ్డుకు లాగడానికి ఎంతమంది పట్టేవారో, కొత్త మేస్త్రీకి ఎంత పొగరో, పిల్ల ఎంత ఎదిగిపోయిందో. పిల్లంటే నేను. నా గురించి కూడా కుక్కకే చెబుతున్నాడు. "నాన్నా" అని పిలిచాను. భూరా వెనక్కి తిరిగి చూసింది. ఆయన తిరగలేదు. ఇంకా గట్టిగా పిలిచాను. మళ్లీ కుక్కే చూసింది. కావాలనే పలకడం లేదని నిశ్చయించుకుని, కళ్లనీళ్లతో గట్టు మీద నిలబడిపోయాను.

అంతలో నా వెనక నుంచి ఇటుకల లోడుతో ట్రాక్టరు వచ్చింది. బాట సన్నం. డ్రైవరు హారను మోగించాడు, మళ్లీ మోగించాడు. నేను చేలోకి దిగిపోయాను. నాన్న నడి బాటలో పులుసు సంగతి చెబుతూనే నడుస్తున్నాడు. భూరా చెవులు రెండూ వెనక్కి తిరిగాయి. అది గబుక్కున ఆయన మోకాళ్లకు అడ్డం వచ్చి, ఒళ్లంతా ఆనించి పక్కకు నెట్టింది. నాన్న వెనక్కి చూడను కూడా చూడలేదు. ఆ చెవుల వంక ఒక చూపు చూసి, నెమ్మదిగా గట్టు దిగి నిలబడ్డాడు. ట్రాక్టరు దాటిపోయింది. వాళ్లిద్దరికీ అది రోజూ ఉన్న పనిలా ఉంది.

దుమ్ములో ఆయనకు నేను కనిపించాను.

"ఎప్పుడొచ్చినావే?"

"కిత్నీ బార్ బులాయా ఆప్‌కో" అన్నాను వెక్కుతూ, ఎన్నిసార్లు పిలిచానో అని.

ఆయన నా నోటి వంకే చూస్తున్నాడు. "తెలుగులో సెప్పమ్మీ. హిందీ పెదాలు నాకు తెలవట్లేదు."

అప్పుడు తెలిసింది. దగ్గరికి వెళ్లి ఆయన ముఖానికి ఎదురుగా నిలబడ్డాను. తర్వాత నిదానంగా, నోరు బాగా తెరిచి అడిగాను: "ఇనబడదా?"

"మీ తాతకీ ఇంతే. ఈడు ముదరకుండానే సెవులు పోనాయి. షెడ్డు మోతలో అందరం సేతుల్తోనే మాటాడుకుంతాం, అక్కడెవడికీ తేడా తెల్దు. ఇంటికాడే..." అని ఆగిపోయాడు.

"భూరాకి సెప్పినావా?"

"నాను సెప్పలేదు. అదే కనిపెట్టుకుంది."

ఆ మాటకు నేను కుమిలినంత, ఆయన చెవుల సంగతికి కూడా కుమల్లేదు. అమ్మ కనిపెట్టలేదు, నేను కనిపెట్టలేదు. సైకిల్ కింద పడుకునే కుక్క కనిపెట్టింది.

"అమ్మకి తెలవాల" అన్నాను. ఆయన ముఖం అటు తిప్పేసుకున్నాడు. ఆయన ముఖం తిప్పేసుకుంటే ఇక ఎవరూ ఏమీ చెప్పడానికి లేదని ఆ పొద్దునే నాకు బోధపడింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ అట్లు పోస్తోంది. నాన్న గోడకు చేరబడ్డాడు. "నూనె అయిపోనాది, సాయంత్రం తెస్తావా బావా" అని అమ్మ ఆయన వీపుకు చెప్పి, జవాబు లేక, ఎప్పటిలాగే గోడ మాట ఎత్తబోయింది.

"ఎదటికెళ్లి సెప్పమ్మా" అన్నాను. "నోరు కనిపించాల."

"ఏటి?"

"నాన్నకి ఇనబడదు. నోరు సూసి తెలుసుకుంతాడు."

అమ్మ అట్లకాడ చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. పెనం మీది అట్టు మాడింది. తర్వాత వెళ్లి ఆయన ఎదురుగా గొంతుక్కూర్చుని, నూనె సంగతి ఎత్తకుండా, "ఎన్నాళ్ల నుంచి?" అని అడిగింది.

ఆయన తల వంచుకున్నాడు. అమ్మ అట్లకాడ కింద పెట్టి, గడ్డం పట్టుకుని ఆయన తల పైకెత్తింది. "నీకు నామీద మనసు లేదనుకున్నాను బావా. ఇన్నాళ్లూ అదే అనుకుని బతికినాను." ఆ మాట ఆయన చూసి విన్నాడు. పగలు, పిల్ల ఎదుట, అమ్మ చేతుల్లో ముఖం పెట్టుకుని నాన్న ఏడ్చాడు.

మర్నాడు పొద్దున్న నేను ముందే లేచి చెప్పులు తొడుక్కున్నాను. ఇక నేను ఒకవైపు, భూరా ఒకవైపు అని రాత్రే నిర్ణయించుకున్నాను. గుమ్మం దాటేసరికి అమ్మ కొంగు దోపుకుని, తలుపుకు తాళం వేస్తోంది. బాట మీద ఆయనకు కుడివైపు అమ్మ, ఎడమవైపు భూరా. అమ్మ కాస్త ముందుకు నడిచి, వెనక్కి తిరిగి ఆయన వంక చూస్తూ మాట్లాడేది, ఆయన నవ్వేవాడు. నేను వెనకాల రెల్లుపూలు పీకుతూ, ఒక అసూయ తీరకుండానే ఇంకొకటి నెత్తిన పడిందని అనుకుంటూ నడిచాను. చలికాలం దాకా అలాగే వెళ్లాం.

భూరా ముసలిదై చనిపోయింది. ఆ పొలాల్లో ఇప్పుడు గోదాములు లేచాయి, మట్టిబాట మీద లారీలు బారులు తీరి ఉంటాయి, రెల్లు పూసే గట్టు ఎక్కడుండేదో నేను కూడా వేలు పెట్టి చూపించలేను. మా వీధి పిల్లల్లో తెలుగువాళ్లు తెలుగు మరిచిపోయారు. నాకది మిగిలింది ఆయన నా పెదాలు చదివాడు గనుకే.

నాన్న, అమ్మ ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నారు. చెవికి పెట్టుకునే మిషను వచ్చింది. నాన్నకు లిఫ్టు గంట కూడా వినిపిస్తుంది. పేపరు వెనక నుంచే "ఊఁ" అంటాడు, తల ఎత్తకుండానే జవాబు చెబుతాడు. "సెవులొచ్చినాయి గానీ, నా మొకం సూడ్డం మానేసినాడు" అంది అమ్మ ఒకరోజు, కూర తరుగుతూ.

అందుకని పొద్దున్నే మిషనున్న డబ్బీ తన దగ్గరే ఉంచుకుంటుంది. టీ గ్లాసులు రెండు పట్టుకెళ్లి ఆయన ఎదురుగా కూర్చుంటుంది. గొంతు లేకుండా పెదాలతోనే ఏవో చెబుతుంది. ఆయన కళ్లార్పకుండా చూస్తాడు. వంటింటి గుమ్మంలో నుంచి నాకు అమ్మ వీపు, నాన్న నవ్వు కనిపిస్తాయి. ఏం మాట్లాడుకుంటారో ఒక్క ముక్క కూడా వినిపించదు.