బొట్టు పెట్టిన తుపాకులు

పల్లి గింజ మొలిచి రెండాకులు విప్పిందంటే చాలు, మా ఊరి గుట్ట చుట్టుపక్కల జింకలన్నిటికీ ఎవరు కబురు చెప్తారో తెలియదు. ఆ ఏడు మేము వేసిన మొదటి విత్తనం మొలవగానే, ఒక తెల్లవారుజామున మందకు మంద వచ్చి చేనంతా నున్నగా గొరిగేసి పోయాయి. జింకను చంపితే జైలు. చంపాలన్న మనసు మాకూ లేదు. కానీ నోటికాడి కూడు పోతుంటే చూస్తూ కూర్చునే ఓర్పు నాకు ఏ దేవుడూ ఇవ్వలేదు.

మళ్లీ విత్తనం వేశాం. అప్పుడే మా మామ మాట తేల్చేశాడు.

"గీసారి గూడ జింకలు తింటే ఇగ మనతోని కాదు బిడ్డా. పక్క చేనాయనకు కౌలుకిస్త. నువ్వు గద్వాలకు పోయి నా కొడుకుతోని హాయిగ ఉండు."

మా ఆయన గద్వాలలో ఎరువుల దుకాణంలో పనిచేస్తాడు, అక్కడే గది తీసుకుని ఉంటాడు, ఆదివారం ఆదివారం వస్తాడు. హాయి అన్న మాటకు నాకు ఒళ్లు మండింది. రాళ్లేరి, గట్లు వేసి, కరెంటు కోసం బోరు కాడ కాచుకుని ఆ చేనును చేనుగా చేసింది నేను. దాన్ని ఎవరికో ఇచ్చేసి గదిలో గోడలు చూస్తూ కూర్చుంటే హాయా?

ఇక జింకలను బెదరగొట్టడం ఎట్లా అన్నదే మిగిలింది. మామ దగ్గర వాళ్ల నాన్న నాటి తుపాకీ ఉంది, పంట కాపలాకని లైసెన్సున్నది. నిలబెడితే నా ఎత్తు ఉంటుంది. మూతిలోంచి మందు పోసి, కొబ్బరి పీచు కుక్కి, ఇనుప కడ్డీతో దట్టించాలి. మా ఇంట్లో అందులో గుండు వేసే అలవాటు లేదు, ఉత్త మోతే. నేనేమో గద్వాల బజారులో కోతులను తరమడానికి అమ్మే ప్లాస్టిక్ గొట్టం తుపాకీ కొనుక్కొచ్చాను. వెనక రంధ్రం కాడ లైటరు నొక్కితే చాలు, ఠాప్.

"గా గొట్టానికి బెదురుతయా జింకలు? పెండ్లి బాజా అనుకొని ఇంగిన్ని వస్తయి," అన్నాడు మామ.

"నువ్వు నీది నింపేసరికి జింకలు తిని, నీళ్లు దాగి, పండుకొని లేస్తయి మామా," అన్నాను నేను.

ఇద్దరిదీ నిజమే. నా దాని చప్పుడు చేను దాటేది కాదు. ఆయనది గుట్ట దాకా వినపడేది గానీ, రెండోసారి నింపేలోగా అటు పారిపోయిన మంద ఇటు నుంచి దిగేది. దసరా మరునాడు రెండూ తీసుకుపోదాం, ఏది పనికొస్తే ఇక అదే ఉంచుదాం అనుకున్నాం.

దసరా నాడు మామ రెండు తుపాకులనూ తుడిచి గోడకు ఆనించాడు. పనిముట్లకు పక్షపాతం చూపకూడదని నా గొట్టానికి కూడా పూజ చేశాడు. పసుపు ముద్ద, దానిమీద గంధం, దానిమీద రూపాయి బిళ్లంత కుంకుమ. నాకు ముచ్చటేసి రెండిటికీ దండం పెట్టుకున్నాను.

మరునాడు పొద్దు పొడవకముందే బోరు గుడిసె వెనక కూర్చున్నాం. నల్లటి పోతు జింక ముందు నడుస్తుంటే మంద గట్టు దాటి మొలకల్లోకి దిగింది. మామ తుపాకీ ఆకాశానికెత్తి నొక్కాడు. టక్ అంది, అంతే. మళ్లీ నొక్కాడు, మళ్లీ టక్. నేను లైటరు నొక్కాను. అదీ పలకలేదు. అప్పుడు చూశాను. నిప్పు అందాల్సిన రంధ్రం, నా దానిదీ ఆయన దానిదీ, ఎండిన పసుపుతో గట్టిగా పూడిపోయి ఉంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదు.

"బొట్టు ఏడ పెట్టినవ్ మామా?"

"నొసలు మీద పెట్టిన. తుపాకికి నొసలు గాడనే గద ఉంటది!"

కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. నా పుస్తెలతాడుకు పిన్నీసు వేలాడుతోంది, ఉన్నది అదొక్కటే. మొదటి వరస మొలకలు అప్పటికే జింకల నోళ్లలో ఉన్నాయి. నా గొట్టం పక్కన పడేసి, ఆయన తుపాకీ రంధ్రంలో పిన్నీసు పెట్టి పసుపంతా గీకేశాను.

"ముందు నీది మామా. కొట్టు!"

ధడేల్మంది. గుట్ట తిరిగి పలికింది. మంద గాల్లోకి లేచి, ఎప్పటిలాగే చేను చుట్టి అవతలి గట్టు వైపు తిరిగింది. మామ ఇంకా పీచు కుక్కుతున్నాడు. నేను కొంగు బిగించి, గొట్టం అందుకుని, దాని పసుపు గీక్కుంటూనే అడ్డం పరుగెత్తి పేల్చడం మొదలుపెట్టాను. ఠాప్, ఠాప్, ఠాప్! వెనక పెద్దమోత, ముందు నా మోత. దిక్కు తోచక జింకలన్నీ గట్టు దూకి గుట్ట వైపు పారిపోయాయి. మామ రుమాలు తీసి గాల్లోకి విసిరాడు. నేను గొంతు పోయేదాకా అరిచాను. అంత ఆనందం నాకు పెళ్లినాడు కూడా కలగలేదు, మా ఆయన ఇది చదివితే చదవనీ.

ఏది ఉంచాలన్న మాట మళ్లీ రాలేదు. మొలకలు గుబురు కట్టేదాకా ఆయన ఒక గట్టు మీద, నేను ఒక గట్టు మీద కాపలా ఉన్నాం.

పల్లి పూత మీదున్నప్పుడు పక్క చేనాయన వచ్చాడు. "ఏమాయె పెద్దాయనా, చేను కౌలుకిస్తనంటివి?"

మామ నా వైపు చెయ్యి చూపించాడు. "నన్నెందుకు అడుగుతవ్? గది మా కోడలి చేను. ఆమెనే అడుగు."

ఆయన నన్ను అడగనే లేదు. ఆలోపే నేను "ఇయ్యనంటే ఇయ్య!" అన్నాను, గుట్ట తిరిగి పలికేంత గట్టిగా.