మెట్లెక్కిన స్వరాలు

ఉప్పల్, నాచారం మొత్తం మీద కంప్యూటర్‌లో సంగీతం అచ్చు కొట్టిన మొదటి మనిషిని నేనే. అదీ ఒక్క సాయంత్రంలో. ఆ సాఫ్ట్‌వేర్ నా ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

రాష్ట్రం ఇంకా ఒక్కటిగా ఉన్న రోజులవి. మిలిటరీ బ్యాండులో చేసి రిటైరైన ఒకాయన సైనిక్‌పురిలో ఉండేవాడు. చుట్టరికం లేకపోయినా ఒకరినొకరం బావ అనుకునేవాళ్లం. ఏటా పంద్రాగస్టున వాళ్ల కాలనీ జెండా దగ్గర ట్రంపెట్ వాయించేది ఆయనే. అంతకుముందు ఏడు సగంలో ఆగిపోయాడు. చూపు తగ్గి కాగితం మీది స్వరాల చుక్కలు కనబడలేదు. ఈసారీ ఆగితే సీడీ పెట్టుకుంటామని కమిటీవాళ్లు మర్యాదగానే చెప్పారు. జీవితమంతా కాగితం చూసి వాయించినవాడు, ఎదురుగా అది లేకపోతే నోట గాలి రాదు. జిరాక్స్‌లో పెద్దది చేయిస్తే మసక కూడా పెద్దదైంది. చేత్తో గీసిద్దామంటే నాకు వణుకు.

"మెషిన్లకు ప్రోగ్రాం రాసినోనివి గదా బావా, జర నాది గూడ లావుగ కొట్టియ్యి," అన్నాడు.

నిజమే. నాచారం వర్క్‌షాపులో నేను అక్షరాలూ అంకెలూ రాసిస్తే లేత్ ఇనుమును వెన్నలా కోసేది. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికిన ఈ సాఫ్ట్‌వేర్‌దీ అదే పద్ధతి. స్వరాల పేర్లు వరసగా టైపు చేస్తే, సంగీతం రాసే ఐదు గీతల మీద తనే చుక్కలు పేర్చి పెడుతుంది. ఇదెంత పని అనుకున్నాను.

ఏం పద్ధతండీ అది! ఎఫ్ షార్ప్‌ను ఎఫ్ షార్ప్ అనకూడదట, 'ఫిస్' అని రాయాలట. స్వరమా, పంక్చరా? కొన్ని స్వరాలను కలిపి ఊదాలంటే బ్రాకెట్ పెట్టాలి, సరే. దాన్ని మొదటి స్వరానికి ముందు కాదు, తర్వాత తెరవాలట. లోపలికొచ్చి కూర్చున్నాక తలుపు తీసినట్టు!

అసలు దుర్మార్గం వేరే ఉంది. స్వరం పై స్థాయిలో కావాలంటే పక్కన చిన్న గీటు పెట్టాలి. బావ పాటంతా పై స్థాయే. ప్రతి స్వరానికీ శ్రద్ధగా గీటు పెట్టాను. నా లేత్‌కు ఏ కొలతైనా ఒకే అంచు నుంచి. ఇది ప్రతి స్వరాన్నీ దాని ముందు స్వరం నుంచి కొలిచింది. గీటు కనబడినప్పుడల్లా ఇంకో స్థాయి ఎక్కించింది. చుక్కలు ఐదు గీతలను వదిలి, పాట పేరు దాటి, కాగితం అంచు దాటి పోయాయి. పోనీ తప్పని చెప్పిందా? అంతా సరిగ్గా పూర్తయిందంది! ఇలాంటి ప్రోగ్రాం ఇస్తే నా లేత్ టూలు విరగ్గొట్టుకుని అరిచేది. దానికున్న నిజాయితీ దీనికేదీ?

బావ బస్సు నంబరు పక్కవాళ్లనడిగి ఎక్కి వచ్చాడు. కాగితాన్ని ముక్కుకు ఆనించుకుని చూశాడు.

"ఏంది బావా, నేను ట్రంపెట్ ఊదాల్నా, తాడిచెట్టు ఎక్కాల్నా?"

"నా తప్పు కాదు, దానికి తిక్క," అన్నాను.

"దానికి తిక్కుంటె నాకేంది? వాళ్లు సీడీ కొనుక్కొచ్చిన్రు."

ఒక్క సాయంత్రం అన్నాను కదా, సాగదీశాను. బోనాలప్పుడు కూర్చుంటే పంద్రాగస్టు ముందురోజు దాకా పట్టింది. చేతులు కట్టుకున్నదీ నేనే. మొదటి స్వరానికి ఒక్కటుంచి, మిగిలిన గీట్లన్నీ పళ్లు కొరుకుతూ పీకేశాను. ఇక మొదటి మనిషిని అన్న మాట... ఇంకెవరైనా ఉన్నారేమో నేను కనుక్కోలేదు.

కానీ ఆ పొద్దున బావ నా కాగితం చూసి, అందులో ఉన్నది ఉన్నట్టు, చివరిదాకా వాయించాడు. కాలనీ కాలనీ కళ్లు తుడుచుకుంది.

ఇదంతా చదివి వినిపిస్తుంటే బావ ఇక్కడ ఆపాడు.

"ఎవ్వడు ఏడ్సిండు? అందరు బూందీ పొట్లాల కాడికి ఉరికిన్రు. ఉన్నది ఉన్నట్టు వాయిస్తె పరువు వోతుండె. గీట్లన్ని పీకినవ్, ఉండాల్సినయి గూడ పీకినవ్. మూడో లైను కాడికెంచి నీ చుక్కలన్ని ఒక స్థాయి కింద వడ్డయ్. నేనే సర్దుకొని పైన ఊదిన. లావుగ కొట్టినవ్, కనవడ్డయ్. గా ఒక్క మాట ఉంచు. కడమదంత కొట్టెయ్."