జకార్డ్ తెరమీద పులిజూదం

2022 వానాకాలంలో, సూరత్ శివార్లలోని భేస్తాన్ దగ్గర ఒక మగ్గాల కార్ఖానాలో, నాకు బాగా తెలిసిన సంగతిని తెలియనట్టు మాట్లాడి ఒక మనిషి పని పోగొట్టాను. నేను అన్నది ఒక్క మాట. అది ఎందుకన్నానో, తర్వాత ఏమైందో చెప్పే ముందు మా పని గురించి కొంచెం చెప్పాలి.

నేను ఎలక్ట్రానిక్ జకార్డ్ యంత్రాలకు సర్వీస్ ఇంజనీరుని. పేరుకే ఇంజనీరు, చదివింది ఐటిఐ. చీర మీద అంచూ బుటాలూ రావాలంటే ఏ పడుగు పోగు లేవాలో, ఏది లేవకూడదో ప్రతి వరసకీ మగ్గానికి ఎవరో చెప్పాలి. వెనక చిల్లులు పొడిచిన అట్టలు ఆ పని చేసేవి. ఇప్పుడు మగ్గం పక్కన బిగించిన చిన్న కంప్యూటర్ చేస్తుంది. దాన్ని కంట్రోలర్ అంటాం. డిజైన్ దాని తెర మీద గళ్ళ కాగితంలా కనిపిస్తుంది. నల్ల గడి ఉన్నచోట పోగు లేస్తుంది, తెల్ల గడి ఉన్నచోట లేవదు. అడ్డంగా పడే ఒక్కో వరసని పిక్ అంటాం. పిక్ పడగానే ప్రాక్సిమిటీ సెన్సర్ కంట్రోలర్‌కి కబురు పంపుతుంది. మగ్గంతో పాటు తిరిగే ఇనుప రేకు తన ముందు నుంచి పోతే తాకకుండానే పసిగట్టే పరికరం అది. కబురు అందితే కంట్రోలర్ తర్వాతి వరస ఇస్తుంది. అందకపోతే పాత వరసే మళ్ళీ పడి, బుటా మధ్యలో గీత వస్తుంది. ఇక ఆ గుడ్డ డ్యామేజీ కిందే లెక్క.

ఆ కంట్రోలర్‌లో ఆటలేమీ ఉండవు. రంగులు లేవు, చప్పుడు లేదు. డిజైన్‌లో చిన్న తప్పుంటే అక్కడే దిద్దుకోవడానికి ఒక ఎడిటర్ మాత్రం ఉంటుంది. గడిని వేలితో నొక్కితే నల్లది తెల్లదవుతుంది, తెల్లది నల్లదవుతుంది. మగ్గం ఆగి ఉంటే తప్ప ఆ ఎడిటర్ తెరుచుకోదు. ఈ సంగతి కొత్తవాళ్ళకు నేర్పేవాణ్ణి నేనే.

ఆ రోజు మధ్యాహ్నం కార్ఖానా యజమాని కాంతిభాయ్ ఫోన్ చేసి రమ్మన్నాడు. గేటు దగ్గరున్న మగ్గం మీద వరసగా డ్యామేజీ వస్తోంది. మార్కెట్ నుంచి సరుకు తిరిగొచ్చింది. నేను వెళ్ళేసరికి ఆయన ఆ గుడ్డను బల్ల మీద పరిచి నిలబడి ఉన్నాడు. బుటాల నడుమ సన్నని గీతలు. అన్నీ రాత్రి షిఫ్టులో నేసిన గుడ్డలోనే ఉన్నాయి.

మగ్గం నడిపించి చూశాను. గంటసేపు చూసినా ఒక్క గీత పడలేదు. కాంతిభాయ్ నా వెనకే ఉన్నాడు.

"నువ్వొస్తే బాగుంటుంది, నువ్వు పోతే పాడవుతుంది. రోజూ ఇక్కడే మంచం వేసుకుని పడుకుంటావా?" అన్నాడు హిందీలో. "నెల కింద సర్వీస్ చేసింది నువ్వే కదా. కారణం చెప్పు. లేదంటే అన్ని మగ్గాలకూ వేరే కంపెనీ డబ్బాలు పెట్టిస్తాను."

సర్వీస్ చేసింది నిజంగానే నేనే. తప్పు నా పనిలో ఉందేమో అన్న ఆలోచన కూడా వచ్చింది. దాన్ని పక్కకి నెట్టాను. ఏదో ఒకటి చేస్తున్నట్టు కనిపించాలని మగ్గం ఆపి, కంట్రోలర్ మెమొరీ తెరిచి డిజైన్లు ఒక్కొక్కటే చూడసాగాను. చివర్లో 'టెస్ట్' అనే పేరుతో ఒకటుంది. తెరిస్తే పెద్ద త్రికోణం. దాన్ని అడ్డంగా కోస్తూ గీతలు. గీతలు కలిసేచోట అక్కడక్కడా చిన్న చుక్కలు, మూడుచోట్ల మాత్రం లావుపాటి నల్ల దిమ్మలు. చూడగానే పోల్చుకున్నాను. అది పులిజూదం. దిమ్మలు పులులు, చుక్కలు మేకలు. మేకలు పులుల్ని కదలకుండా కట్టెయ్యాలి, పులులు మేకల మీంచి దూకి తినాలి. ఎవరో ఓపికగా గడి గడీ నొక్కి బల్లంతా గీశారు. నాకు నవ్వొచ్చింది కూడా.

"ఏమిటది?" అన్నాడు కాంతిభాయ్.

"ఆట, సేఠ్."

"మిషన్‌లో ఆటా? దీనివల్లే గుడ్డ పాడవుతోందా?"

ఆ ఫైలు వేరు, మగ్గం మీద నడిచే డిజైన్ వేరు. ఒకటి దిద్దితే రెండోది మారదు. అది నాకు తెలుసు. అయినా, "అవ్వచ్చు," అన్నాను.

ఏడింటికి షిఫ్టు మారింది. రాత్రి ఆపరేటర్ రాజేశం గేటులోకి వస్తుండగానే కాంతిభాయ్ పిలిచాడు. రాజేశం సిరిసిల్ల వైపువాడు. యాభై దాటిన మనిషి, ఇరవై ఏళ్ళకు పైగా సూరత్ మగ్గాల మీదే ఉన్నాడు. నాదీ కరీంనగర్ వైపే కనుక నన్ను తమ్మీ అనేవాడు. పగటి షిఫ్టు ముగించిన ఒడియా కుర్రాడు బిజయ్ టిఫిన్ డబ్బా చేత పట్టుకుని అక్కడే నిలబడ్డాడు.

"ఈ ఆట ఎవరిది?"

"నాదే సేఠ్. మిషన్ బంద్ ఉన్నప్పుడు, పడుగు బీమ్ మార్చేటప్పుడు జర టైంపాస్."

"నీతో ఇంకెవరు ఆడతారు?"

రాజేశం బిజయ్ వైపు చూడలేదు. "నేనొక్కన్నే," అన్నాడు.

పులిజూదం ఒక్కడు ఆడే ఆట కాదని కాంతిభాయ్‌కి తెలియదు. నాకు తెలుసు. బిజయ్ నేల చూస్తున్నాడు.

రాజేశం నా వైపు తిరిగి తెలుగులో అన్నాడు. "తమ్మీ, నువ్వన్న చెప్పు. మిషన్ నడుస్తుంటే అది తెరుసుకుంటదా? డ్యామేజీ దాంతోని ఎట్లయితది?"

నేను నా పానాలు సంచిలో సర్దుకుంటున్నాను. సర్దడం అయిపోయాక కూడా తల ఎత్తలేదు.

కాంతిభాయ్ అతన్ని అక్కడికక్కడే పనిలోంచి తీసేశాడు. ఆటని చెరిపెయ్యమని నాకు చెప్పాడు. చెరిపేశాను.

పది రోజులకు మళ్ళీ ఫోన్ వచ్చింది. రాత్రి షిఫ్టులో కొత్త మనిషి. అవే గీతలు. ఈసారి నేను మాస్టర్‌ని, అంటే మగ్గాల మీద అజమాయిషీ చేసే మనిషిని, మొదటిసారి అడగాల్సిన ప్రశ్న అడిగాను: రాత్రికీ పగటికీ తేడా ఏమిటి?

"రాత్రి చెమ్మకి దారం తక్కువ తెగుతుంది. అందుకని స్పీడు కొంచెం పెంచుతాను," అన్నాడు.

పగలే ఆ స్పీడు పెట్టించాను. కాసేపటికి నా కళ్ళముందే గీత పడింది. మగ్గం ఆపి సెన్సర్ దగ్గర చెయ్యి పెట్టి చూస్తే రేకుకీ దానికీ మధ్య ఎడం ఉండాల్సినదానికన్నా ఎక్కువగా ఉంది. మామూలు వేగంలో ఎలాగో పట్టుకుంటోంది. వేగం పెరిగి మగ్గం అదిరితే మధ్యలో ఒకటి వదిలేస్తోంది.

ఆ ఎడం పెట్టింది నేనే. దాన్ని ఫీలర్ గేజ్‌తో కొలవాలి. లెక్క ప్రకారం చేసిన పలచని ఉక్కు రేకుల కట్ట అది. సంచిలోంచి తీయడానికి బద్ధకించి, పాత జకార్డ్ అట్ట ముక్కని మడిచి సందులో దూర్చి బిగించాను. అట్టల మగ్గాల మీద పని నేర్చుకున్న మా వాళ్ళందరికీ ఉన్న అలవాటే. చేతికి దొరికిన అట్టే మాకు కొలబద్ద. కానీ మడత ఒక్కోసారి ఒక్కోలా నలుగుతుంది. వానాకాలం చెమ్మకి ఉబ్బుతుంది కూడా.

సరిచేసి లేచేసరికి బిజయ్ పక్కనే ఉన్నాడు. తెలుగువాళ్ళ మధ్య పనిచేసి చాలావరకు తెలుగు నేర్చాడు.

"అయితే ఆటతోని కాదు," అన్నాడు.

"కాదు."

"నీకు అప్పుడు తెల్సా అన్నా?"

"సెన్సర్ సంగతి తెలియదు. ఆటతో కాదని మాత్రం తెలుసు."

"పులి నాది," అన్నాడు బిజయ్. "మా ఊర్ల కూడా ఈ ఆట ఉంది. రాజేశం అన్నతోని నాకు ఎక్కువ మాట లేదు. ఆయన వస్తడు, నేను పోత. ఒక షిఫ్టుల ఆయన ఎత్తు, ఒక షిఫ్టుల నాది. పొద్దున వస్తూనే ముందు అదే చూస్త, మేక ఏడ పెట్టిండో అని. ఆ దినం నేను కూడా నోరు తెర్వలే. నీకన్న నేనే ఖరాబ్ మనిషి."

నాకన్నా చెడ్డవాడు కాదని చెప్పాను. అతనికి భయపడటానికి కారణముంది, ఇంటికి డబ్బు పంపాలి. నేను చూసుకున్నది నా పేరు ఒక్కటే.

కాంతిభాయ్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. "బాగైందా? అయితే అయిపోయింది. రాజేశంని రమ్మను, కొత్తవాడికి చెయ్యి తిరగడం లేదు," అన్నాడు. ఇంత తేలిగ్గా పోయిందే అని బరువు దిగినట్టయింది. ఆ తేలికతనమే తప్పని ఆ సాయంత్రం తెలిసింది.

రాజేశం బమ్రోలిలో నలుగురితో కలిసి ఒక గదిలో ఉంటున్నాడు. నేను వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని భుజానికి నూనె రాసుకుంటున్నాడు. పర్వత్ పాటియా వైపు బట్టల మార్కెట్లో పార్సిళ్ళు మోస్తున్నాడట. నేను జరిగింది చెప్పాను. ఆయన నూనె రాసుకుంటూనే విన్నాడు.

"అయిపాయెనా సారూ?" అన్నాడు చివరికి. అంతకుముందు ఎప్పుడూ నన్ను సారు అనలేదు.

"సేఠ్ నిన్ను రమ్మన్నాడన్నా."

"ఏ మొకం పెట్టుకొని రావాలె? గల్లీల నన్ను ఏమంటున్నరో ఎరికేనా? గేమ్‌వాలా అంటున్నరు. నాలుగు కార్ఖానాల తిరిగిన. ఎలక్ట్రానిక్ మిషన్ ఇయ్యం, నువ్వు ఆటలాడి ఖరాబ్ జేస్తవ్ అన్నరు. చేసిన పనంత ఒక దిక్కు, ఆ పేరొక దిక్కు."

"నాదే తప్పు."

"నాకెందుకు చెప్తున్నవ్? నాకు తెల్వదా నేను చెయ్యలేదని? తెల్వనోళ్ళకు చెప్పు. గేటు కాడ చాయ్ బండి ఉంటది, షిఫ్టు మారేటప్పుడు అన్ని కార్ఖానాలోళ్ళు ఆడనే నిలవడ్తరు. నా పేరు ఆడనే పోయింది. ఆడ చెప్పు."

సరేనని వచ్చాను. వెంటనే వెళ్ళలేదు. ఆ గల్లీలో సగం కార్ఖానాల యంత్రాలు చూసేది నేనే. నా చేతి పని తప్పని పదిమంది ముందు ఒప్పుకుంటే రేపు ఎవరు పిలుస్తారు? రెండు రోజులు ఇదే తూకం వేసుకున్నాను. ఎటు తూచినా అవతలి తట్టలో పార్సిళ్ళు మోస్తున్న యాభై ఏళ్ళ నేతగాడే కనిపించాడు.

మూడో రోజు పొద్దున షిఫ్టు మారే వేళకి చాయ్ బండి దగ్గరికి వెళ్ళాను. వాన తుంపర. ఆపరేటర్లు, మాస్టర్లు, ఇద్దరు ముగ్గురు యజమానులు కూడా బండి మీది రేకు కప్పు కిందికి చేరారు. ముందు తెలుగులో, తర్వాత హిందీలో చెప్పాను. కాంతిభాయ్ కార్ఖానాలో డ్యామేజీ నేను గేజ్ బదులు అట్ట ముక్క పెట్టి బిగించిన సెన్సర్ వల్ల వచ్చింది. రాజేశం ఆటకీ దానికీ సంబంధం లేదు. సంబంధం లేదని నాకు ఆ రోజే తెలుసు. తెలిసి కూడా చెప్పలేదు.

"ఇప్పుడెందుకు చెప్తున్నవ్ సాబ్, ఎలక్షన్‌ల నిలవడ్తున్నవా?" అన్నాడొకడు. కొందరు నవ్వారు. బిజయ్ నవ్వలేదు. గ్లాసు కింద పెట్టి, ఆ ఆటలో రెండోవాణ్ణి నేనేనని హిందీలో అందరికీ వినబడేలా అన్నాడు.

అప్పుడు ఒక ముసలి మాస్టర్ అడిగాడు: "మా మిషన్ల సెన్సర్లు కూడా నువ్వే పెట్టావు కదా. వాటికీ అట్ట ముక్కేనా?"

నేను ఊహించని ప్రశ్న. "కొన్నిటికి అట్ట ముక్కే," అన్నాను.

ఆ వారమంతా కొత్త పనులు ఒప్పుకోకుండా ఆ గల్లీలో నేను సర్వీస్ చేసిన ప్రతి మగ్గం దగ్గరికీ వెళ్ళి గేజ్‌తో మళ్ళీ కొలిచాను. రెండుచోట్ల ఎడం ఎక్కువగానే ఉంది. ఆ యజమానుల్లో ఒకరు మళ్ళీ నన్ను పిలవలేదు. ఆయన్ని తప్పుపట్టను. ఇన్నేళ్ళ పనిలో నేను నేర్చుకున్నదల్లా ఇదే: లోపం వెతికేటప్పుడు మొదట చూడాల్సింది చివరగా చెయ్యి పెట్టినవాడి పనిని. చాలాసార్లు అది నాదే అయి ఉంటుంది. కారణం తెలియనప్పుడు "ఇంకా తెలియలేదు" అనడానికి ఇప్పుడు సిగ్గుపడను.

రాజేశం కాంతిభాయ్ దగ్గరికి తిరిగి వెళ్ళలేదు. చాయ్ బండి దగ్గర నన్ను ప్రశ్నించిన ముసలి మాస్టరే తన కార్ఖానాలో మగ్గం ఇప్పించాడు, పగటి షిఫ్టులో. ఆదివారాలు బిజయ్ బమ్రోలి గదికి వెళ్తున్నాడట. "ఎదురుంగ కూసుంటె తొండి జేస్తున్నడు, మిషన్లనే నయముండె," అని రాజేశం ఫిర్యాదు.

కొలవాల్సిన వాటిలో నేను చివరగా చూసింది రాజేశం కొత్త మగ్గాన్నే. సెన్సర్ సరిచేసి, రాత్రి పెట్టే స్పీడు పెట్టించి, గుడ్డ దిగేచోట నిలబడ్డాను. ఒక్కో బుటా బయటికి వస్తుంటే కళ్ళు దగ్గరగా పెట్టి చూస్తున్నాను. మధ్యాహ్నం అయింది.

"ఇగ పో సారూ, మంచిగనే నడుస్తుంది," అన్నాడు రాజేశం మగ్గాల హోరులో గట్టిగా.

"సాయంత్రం దాకా ఉంటానన్నా."

ఆయన ఒక ఖాళీ డబ్బా బోర్లించి కాలితో నా వైపు నెట్టాడు. దాని మీద కూర్చుని, షిఫ్టు మారేదాకా ఆ గుడ్డనే చూశాను.